గాయని గారూ, సెలవు చీటీ ఏదీ?

2024 అక్టోబరులో బ్రిటిష్ గాయని కేట్ బుష్ బీబీసీ రేడియోలో ఒక మాట అంది, కొత్త ఆల్బమ్ పని మొదలుపెట్టాలని ఉందని. అంతే. పాట లేదు, పేరు లేదు, తేదీ లేదు. అయినా లెక్కలు మాత్రం తేలిపోయాయి: 2011 నవంబరు తర్వాత ఆవిడ నుంచి కొత్త పాటల ఆల్బమ్ రాలేదు కాబట్టి, 13 ఏళ్లు! ఏం పాడబోతోందన్నది ఎవరికీ పట్టలేదు. ఎన్నాళ్లు రాలేదన్నదే వార్త.

పాటలు రాసుకుని పాడుకునేవాళ్లందరూ రోజూ పదింటికల్లా వచ్చి హాజరు పట్టీలో సంతకం పెట్టాలని ఏ జీవోలో ఉందో తెలీదు గానీ, సంగీత విలేకరులు దాన్ని తు.చ. తప్పకుండా అమలు చేస్తున్నారు. ఎటొచ్చీ ఈ శాఖకు సరైన సర్వీసు నిబంధనలు లేవు. ఆ లోటు పూడ్చడానికి నా వంతు కృషి చేస్తున్నాను.

ముందు కేసు పూర్వాపరాలు. సదరు ఉద్యోగిని 1978లో, 19 ఏళ్ల వయసులో, తొలి సింగిల్‌తోనే విధుల్లో చేరింది. స్వయంగా రాసుకున్న పాటతో బ్రిటన్ చార్టులో మొదటి స్థానానికి చేరిన తొలి మహిళ. 1993 నవంబరులో ఏడో ఆల్బమ్ దాఖలు చేసింది. ఎనిమిదోది, 'ఏరియల్', 2005 నవంబరు 7న వచ్చింది. మధ్యలో 12 ఏళ్లు. మన లెక్కలో నిండు పుష్కరం. ఫండమెంటల్ రూల్ 18 ప్రకారం సెలవు పెట్టినా పెట్టకపోయినా ఐదేళ్లు వరసగా రాకపోతే రాజీనామా చేసినట్టే. ప్రసూతి సెలవు అందామా, అది 180 రోజులు. మిగతా పదకొండున్నరేళ్లను ఏ పద్దులో వేయాలి? ఆర్జిత సెలవా, అర్ధజీతపు సెలవా? సర్వీసు రిజిస్టరులో ఆ పేజీ ఖాళీగా ఉంది. ఖాళీ పేజీని చూస్తే గుమాస్తాకి నిద్ర పట్టదు.

పోనీ ఆవిడ బొత్తిగా కనిపించలేదా అంటే, కనిపించింది. 2001లో ఒక సంగీత పత్రిక ఇచ్చిన అవార్డు అందుకోవడానికి వచ్చింది. 2002 జనవరిలో లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్లో పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మర్ కచేరీలో పాడింది. అసలు మంట వేరే ఉంది. 1998లో ఆవిడకు కొడుకు పుట్టాడు. 2000లో తోటి గాయకుడు పీటర్ గేబ్రియెల్ ఒక ఇంటర్వ్యూలో నోరు జారేదాకా ఆ సంగతి పత్రికల చెవిన పడలేదు. మాకు చెప్పకుండా రెండేళ్లపాటు బిడ్డను పెంచుతావా? ఎంత ధైర్యం!

ఆ మంటలోనే కేకుల కథ ఒకటి ఉడికింది. రికార్డు కంపెనీ పెద్దలు కొత్త పాటలు వినడానికి ఇంటికొస్తే, ఆవిడ పొయ్యిలోంచి కేకులు తీసి "ఇదిగో, నేను ఇన్నాళ్లూ చేసినవి ఇవే" అందని. అది ఎక్కడ పుట్టిందో తనకే తెలీదని ఆవిడ చెప్పింది. అయినా ఆ కేకులు ఇప్పటికీ వేడివేడిగా వడ్డిస్తూనే ఉన్నారు. 'ఏరియల్' ఆల్బమ్‌లో ఒక్క పాటకూ అంత ప్రచారం రాలేదు.

కాబట్టి శాఖాపరమైన విచారణ తప్పదు. ఎర్ర ట్యాగు కట్టిన ఫైలు, చల్లారిన టీ, ముగ్గురు సభ్యులు.

"జాయినింగ్ రిపోర్టు తెచ్చారా?"

"తెచ్చానండీ. 'ఏరియల్'. రెండు డిస్కులు, 80 నిమిషాలు."

"రెండోది డూప్లికేటా?"

"కాదండీ, అందులో వేరే పాటలున్నాయి."

"మొదటి డిస్కు నాలుగో పాటలో వాషింగ్ మిషన్ ఉన్నట్టు మా దృష్టికి వచ్చింది. ఇంటి పనిని విధుల్లోకి ఎందుకు తెచ్చారో సంజాయిషీ చెప్పండి."

"బట్టలు మాస్తాయి కదండీ."

"మిషన్ ఫ్రంట్ లోడా, టాప్ లోడా?"

"ఫ్రంట్ లోడేనండీ. లోపల జాకెట్టు, ప్యాంటు ఒకదాన్నొకటి చుట్టుకోవడం అద్దంలోంచి కనపడాలి. పాటకి అదే ఆధారం."

సభ్యుడు రాసుకుంటాడు: 'యంత్రం సొంతమే. బిల్లు జతపరచలేదు.'

"రెండో పాటలో పై (π) విలువ దశాంశ స్థానాలు వరసగా చదివారు. 78వ స్థానం దాకా బాగానే ఉంది. అక్కణ్నుంచి ఏకంగా 101కి దూకి 137 దగ్గర ఆగారు. 79 నుంచి 100 దాకా ఉండాల్సిన 22 అంకెలు ఏవీ?"

ఉద్యోగిని మౌనం. ఎర్ర సిరాతో: '22 అంకెలు అనుమతి లేకుండా గైర్హాజరు.'

"ఐదో పాటలో మనిషి కంటికి కనపడకుండా పోవడం ఎలాగో వివరించారు. దీన్ని నేరాంగీకారంగా నమోదు చేయమంటారా?"

"అది పాటండీ."

"సరే. అట్ట మీద సముద్రం, కొండల వరస కనిపిస్తున్నాయి. విహారయాత్రకి వెళ్లొచ్చి ఎల్‌టీసీ పెట్టుకోలేదేం?"

"అవి కొండలు కావండీ. బ్లాక్‌బర్డ్ అనే పిట్ట పాటను రికార్డు చేస్తే వచ్చిన వేవ్‌ఫామ్, అంటే శబ్దం గీసిన గీతలు. ఆ గీతల్నే సూర్యాస్తమయం రంగుల్లో, నీళ్ల మీద నీడ పడినట్టు వేశాం."

"అంటే యాత్ర బిల్లు లేదు. పిట్టకు పారితోషికం చెల్లించిన రసీదు?"

ఇలా ఆరో పాట దాకా వచ్చి, ఏడో పాట మొదలయ్యే వేళకి కమిటీ భోజనానికి లేస్తుంది.

ఆ ఏడో పాటలో ఆవిడ తల్లి ఉంది. 1992లో చనిపోయిన తల్లి. పియానో దగ్గర కూర్చుని, అమ్మ వాడిన గోధుమరంగు జగ్గు గురించి పాడుతుంది. ఆ ఒక్క పాట విన్నవాళ్లెవరికీ ఈ 12 ఏళ్ల గైర్హాజరుకి వేరే సంజాయిషీ అక్కర్లేదు. కమిటీ వినదు, వాళ్లకి కేకులు కావాలి.

ఇక నిబంధనలు అందరికీ ఒకేలా అమలవుతున్నాయా అన్నది చూద్దాం. కెనడా గాయకుడు లెనార్డ్ కోహెన్ 1992లో ఆల్బమ్ తెచ్చాడు. 1994లో కాలిఫోర్నియాలోని మౌంట్ బాల్డీ జెన్ ఆశ్రమానికి వెళ్లి గురువుకి వంట చేసిపెట్టాడు. 1996లో సన్యాసం పుచ్చుకున్నాడు, 1999లో కొండ దిగాడు, 2001లో కొత్త పాటలు ఇచ్చాడు. తొమ్మిదేళ్లు. పత్రికలు చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాయి. సంజాయిషీ అడిగినవాడు లేడు.

పైన నోరు జారిన గేబ్రియెల్ సంగతి ఇంకా బాగుంటుంది. సొంత కొత్త పాటలతో ఆయన ఆల్బమ్ 2002లో వచ్చింది, తర్వాతది 2023 డిసెంబరు 1న. 21 ఏళ్లు. దాన్ని విడుదల చేసిన తీరు మన పంచాంగకర్తలు కూడా మెచ్చుకోవాల్సిందే: ఏడాది పొడుగునా పున్నమికి ఒక పాట. జనవరి 6న మొదటిది, నవంబరు 27న పన్నెండోది. ఆగస్టులో రెండు పున్నములు పడ్డాయి కాబట్టి రెండు పాటలు. ప్రతి పాటకీ వేర్వేరు ఇంజినీర్లు చేసిన రెండు మిక్సులు, ఒకటి వెలుగు వైపుదట, ఒకటి చీకటి వైపుదట. పున్నమికి ఒకటి వింటే, రెండోది అమావాస్యకి. పాటలు మంచివే, ఫిర్యాదు ఆయన మీద కాదు. కానీ 21 ఏళ్లు ఎక్కడికి పోయావయ్యా అని ఆయన్ని ఎవరు నిలదీశారు? పరిపూర్ణత కోసం తపించే మనిషి అన్నారు. తొందరపెట్టకూడదు అన్నారు.

గురువుకి అన్నం వండిపెడితే సాధన, కన్నకొడుక్కి వండిపెడితే అదృశ్యం! ఎవడు రాశాడీ నిబంధన? పన్నెండేళ్లు ఇంట్లో ఉండి, బిడ్డను పెంచుతూ, ఆ మధ్య మధ్యలో 80 నిమిషాల సంగీతం కట్టిన మనిషిని దెయ్యాల కొంపలో దాక్కున్న పిచ్చిదన్నట్టు రాశారు. సిగ్గుండక్కర్లేదా? మన సినిమా పేజీలు మాత్రం తక్కువ తిన్నాయా? హీరోయిన్ పెళ్లయి, బిడ్డను కని, మళ్లీ సెట్‌కి వస్తే 'రీఎంట్రీ'. ఫొటో కింద ఎన్నేళ్ల తర్వాతో, ఎన్ని కిలోలు తగ్గిందో. హీరో మూడేళ్లు సినిమా లేకుండా కూర్చుంటే 'చెక్కుతున్నాడు'.

ఆ 12 ఏళ్ల పని ఎక్కడుందో వినదలుచుకున్నవాళ్లకి కనపడుతూనే ఉంది. 'ఏరియల్' ఆర్కెస్ట్రా భాగాలు సంగీతకర్త మైకేల్ కామెన్ కట్టాడు. ఆయన 2003 నవంబరులోనే పోయాడు. అంటే కేకులు ఉడుకుతున్నాయని వీళ్లు రాసుకునే రోజుల్లో అక్కడ వయొలిన్లు మోగుతున్నాయి. రెండో డిస్కు మొత్తం ఒకే కూర్పు. తొమ్మిది భాగాలు, 42 నిమిషాలు. మధ్యాహ్నం మొదలై, పొద్దుగుంకి, రాత్రి సముద్ర స్నానం దాటుకుని, మర్నాటి తెల్లవారుజాముకి తేలుతుంది. పిట్టల కూతలు ఒక భాగంలోంచి ఇంకో భాగంలోకి తెగకుండా నడుస్తాయి.

ఈ తెగకపోవడమే అంగడికి నచ్చదు. ఎల్పీ మీద ఒక్కో వైపు 20, 22 నిమిషాలు దాటితే గాళ్లు దగ్గర దగ్గరగా కోయాలి, ధ్వని స్థాయి తగ్గించాలి, రొద పైకి తేలుతుంది. కాబట్టి 42 నిమిషాల కూర్పుని రెండుగా నరికి, మధ్యలో మీరు లేచి రికార్డు తిప్పాలి. పైగా రికార్డు అంచు దగ్గర సూది కింద గాడి సెకనుకి దాదాపు 51 సెంటీమీటర్లు పరిగెడితే, లేబుల్ దగ్గరికొచ్చేసరికి 21 మాత్రమే. అదే శబ్దాన్ని సగం కన్నా తక్కువ జాగాలో కుక్కాలి. స, శ అక్షరాలు చిట్లేదీ, తాళాలు గరగరలాడేదీ అక్కడే. ఈ కూర్పులో అన్నిటికన్నా హోరెత్తేది చివరి ఎనిమిది నిమిషాలు, అవి సరిగ్గా ఆ ఇరుకులోనే పడతాయి. కొత్త రంగులో ముద్రించి రెట్టింపు ధర పెట్టినంత మాత్రాన గాడి పొడవు పెరగదు.

స్ట్రీమింగ్‌లో ఇంకో తంటా. 30 సెకన్లు వింటే ఒక లెక్క. నిమిషం పాటకీ అదే లెక్క, పూర్తిగా విన్న 42 నిమిషాల పాటకీ అదే లెక్క. 2010లో డిజిటల్‌గా విడుదల చేసినప్పుడు ఆవిడ తొమ్మిది భాగాలనీ కలిపి ఒకే ట్రాకుగా పెట్టింది. తొమ్మిది లెక్కలు రావాల్సిన చోట ఒకటి. అక్కౌంటు చూసుకునేవాళ్లెవరూ చేయని పని.

విడివిడి ట్రాకులుగానే దొరికితే షఫుల్ తీసేయండి. క్రాస్‌ఫేడ్ సున్నా చేయండి, లేకపోతే ఒక పిట్ట మీద ఇంకో పిట్ట ఎక్కుతుంది. గ్యాప్‌లెస్ ఆన్ చేయండి, లేకపోతే ప్రతి మలుపులో పిట్ట గొంతు పుటుక్కున తెగుతుంది. వాల్యూమ్ నార్మలైజేషన్ ట్రాకు వారీగా ఉంటే నెమ్మది భాగం హోరు భాగమంత గట్టిగా అరుస్తుంది, ఆల్బమ్ వారీగా పెట్టుకోండి, అదీ కుదరకపోతే పూర్తిగా ఆపేయండి. ఈ గొడవంతా వద్దనుకుంటే పాత సీడీ వెతుక్కోండి. దానికి తిప్పడాలూ లేవు, ఇరుకూ లేదు.

ఇక సమీక్షకులకు మాత్రం ప్రత్యేక సూచన. మీరు మొదటి డిస్కుతోనే మొదలుపెట్టండి. నాలుగో పాట రాగానే ఆపి, ఇవాళ మీ ఒంటి మీదున్న చొక్కా ఎవరు ఉతికారో, ఆ మనిషి పాట రాసుకోవడానికి కూర్చోవాలంటే ఎన్నేళ్లు పడుతుందో ఇంట్లో అడిగి రండి. అప్పుడు రాద్దురుగాని ఎన్నేళ్ల తర్వాత వచ్చిందో.