ఆరోగ్య మంత్రి జవాబుకు కొలత ఏమిటి?

నాంపల్లిలో పబ్లిక్ గార్డెన్స్‌ను ఆనుకొని ఉన్న శాసనసభలో ప్రశ్నోత్తరాల సమయం మొదలై, వైద్య ఆరోగ్య శాఖ వంతు వచ్చినప్పుడు వినిపించే జవాబులకు ఒక ఒరవడి ఉంది. ప్రశ్న అ, ఆ, ఇ భాగాలుగా ఉంటుంది. జవాబూ అదే వరుసలో వస్తుంది. ‘అవునండి’, ‘లేదండి’, ‘ప్రతిపాదన పరిశీలనలో ఉంది’, ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’. ఆ తర్వాత మంత్రి లేచి ఎన్ని పడకలు మంజూరయ్యాయో, ఎన్ని కోట్లు విడుదలయ్యాయో, ఎన్ని పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారో వివరిస్తారు. ప్రతిపక్షం లేచి తమ హయాంలో ఎన్ని మంజూరయ్యాయో గుర్తు చేస్తుంది. తెలంగాణ ఏర్పడ్డాక ఈ శాఖ రాజయ్య, లక్ష్మారెడ్డి, ఈటల రాజేందర్, హరీశ్‌రావు, దామోదర రాజనర్సింహల చేతుల మీదుగా నడిచింది. పార్టీలు మారాయి, మనుషులు మారారు, జవాబు చెప్పే తీరు మాత్రం పెద్దగా మారలేదు.

ఈ జవాబుల్లో అబద్ధం ఉందని నేను అనడం లేదు. మంజూరైనదాన్ని లెక్కించి చెబుతున్నారు, ఆ లెక్క చాలావరకు సరైనదే. కానీ ఆస్పత్రి మెట్లెక్కే మనిషికి కావలసిన లెక్క వేరు. ఇవాళ డాక్టరు చూస్తారా, స్కానింగ్‌కు ఎన్నాళ్లు ఆగాలి, రాసిన మందు కౌంటర్‌లో ఉందా, అర్ధరాత్రి తీసుకొచ్చిన పసివాడికి వెంటిలేటర్ దొరుకుతుందా అన్నవే ఆ మనిషి ప్రశ్నలు. వీటికి సమాధానం కోట్లలోనూ పడకల్లోనూ దొరకదు. రోజుల్లో, గంటల్లో చెప్పాలి. ఆరోగ్య మంత్రి జవాబుకు ఆ కొలతే పెట్టాలని నా వాదన.

గత ఏడాది నల్లగొండ జిల్లా నుంచి వచ్చిన మా పెద్దమ్మను నగరంలోని ఒక పెద్ద ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్లాను. నడుము నొప్పి కాలిలోకి పాకి, అడుగు వేయలేని స్థితి. ఉదయం ఆరున్నరకే ఓపీ చీటీల వరుస గేటు దాకా సాగి ఉంది. పాత రిపోర్టులన్నీ బట్టల దుకాణం ప్లాస్టిక్ కవరులో పెట్టుకొని, వరుసలో నిలబడలేక, తన స్థానంలో చెప్పులు వదిలి గోడవారన కూర్చుంది. పదకొండు దాటాక చూసిన యువ డాక్టరు ఓపికగానే చూశారు, కాలు ఎత్తించి, సూదితో అరికాలు తాకించి, ఎమ్మారై రాశారు. స్కానింగ్ గది దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్‌లో పేరు రాసుకొని, చీటీ మూలన బాల్ పెన్నుతో తేదీ వేసి ఇచ్చారు. సరిగ్గా 24 రోజుల తర్వాతి తేదీ అది. మందుల కౌంటర్‌లో నాలుగింటికి రెండు ఇచ్చి, మిగిలిన రెండింటి పక్కన ఇంటు గుర్తు పెట్టి ‘బయట తీసుకోండి’ అన్నారు. ‘ఇరవై నాలుగు దినాలా బిడ్డా, అప్పటిదాంక ఎట్ల కూసునుడు?’ అని ఆమె నన్నడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు ఇదే ఆస్పత్రి గురించి సభలో ఎవరైనా అడిగారనుకుందాం. అక్కడ ఎమ్మారై యంత్రం ఉందా? అవునండి. పనిచేస్తోందా? అవునండి. పరీక్ష ఉచితమా? అవునండి. మూడు జవాబులూ నిజాలే. మూడింటిలోనూ ఆ 24 రోజులు లేవు. మా పెద్దమ్మకు జరిగిన కష్టమంతా ఆ 24 రోజుల్లోనే ఉంది, కాబట్టి ప్రభుత్వం దృష్టిలో ఆ కష్టం జరగనట్లే లెక్క. యంత్రం రోజుకు ఎన్ని గంటలు నడుస్తోంది, రెండో షిఫ్టుకు టెక్నీషియన్ ఉన్నారా, గత మూడు నెలల్లో రిపేరు వల్ల ఎన్ని రోజులు ఆగింది, ఓపీ రోగికి సగటున ఎన్నో రోజుకు తేదీ వస్తోంది అని అడిగితే తప్ప అసలు విషయం బయటపడదు. ఇవన్నీ ఆస్పత్రి సూపరింటెండెంట్ దగ్గర ఉండే వివరాలే. ఆ నోట్‌బుక్ తిరగేస్తే చాలు.

హైదరాబాద్‌లో ఒక పేద రోగి నడిచే దారిని వరుసగా చూస్తే, ఈ జవాబు మంత్రి నోటి నుంచే ఎందుకు రావాలో అర్థమవుతుంది. బస్తీ దవాఖానాలు 2018లో మొదలయ్యాయి. జ్వరానికీ బీపీకీ షుగరుకూ ఇంటి దగ్గరే డాక్టరు దొరకడం, రక్తం నమూనాలు నారాయణగూడలోని తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రానికి వెళ్లి పరీక్షలు ఉచితంగా జరగడం నిజంగా మంచి మార్పు. దాన్ని ఎవరు తెచ్చినా మెచ్చుకోవలసిందే. బస్తీ దవాఖానాలోనూ పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ తేలని జబ్బుతో రోగి మలక్‌పేట, గోల్కొండ వంటి ఏరియా ఆస్పత్రికి వెళితే అది వైద్య విధాన పరిషత్ పరిధి. అక్కడి నుంచి ఉస్మానియాకో, గాంధీకో, నీలోఫర్‌కో పంపితే అది వైద్య విద్య సంచాలకుల పరిధి. నిమ్స్ స్వయంప్రతిపత్తి ఉన్న సంస్థ. మందులు, యంత్రాలు కొనేది వేరే కార్పొరేషన్. ఆరోగ్యశ్రీకి ట్రస్టు ఉంది, 108కి నిర్వహణ కాంట్రాక్టు ఉంది. రోగి ఒక్కడే, జబ్బు ఒక్కటే, దారిలో కార్యాలయాలు మాత్రం అరడజను. ఎవరిని అడిగినా తమ పరిధి వరకే చెబుతారు, అది వారి తప్పు కూడా కాదు. ఇవన్నీ కలిసే చోటు మంత్రి కుర్చీ. రోగి మొత్తం ప్రయాణానికి జవాబు చెప్పగల అధికారం, చెప్పవలసిన బాధ్యత అక్కడే ఉన్నాయి.

మందుల సంగతి తీసుకుందాం. తమిళనాడు 1994లోనే దీనికోసం ప్రత్యేక సంస్థను పెట్టి, ప్రతి ఆస్పత్రికీ పాస్‌బుక్ ఇచ్చి, కేటాయింపులో ఎంత వాడుకున్నారో, గోదాములో ఎంత మిగిలిందో ఎప్పటికప్పుడు తెలిసే ఏర్పాటు చేసుకుంది. మన దగ్గరా కార్పొరేషన్ ఉంది, సెంట్రల్ డ్రగ్ స్టోర్లు ఉన్నాయి, ఆస్పత్రులు మందులు కోరుతూ పంపే ఇండెంట్లు కంప్యూటర్ ద్వారానే వెళుతున్నాయి. అంటే ఏ ఆస్పత్రిలో ఏ మందు ఏ రోజు అయిపోయిందో శాఖకు తెలుసు. అలాంటప్పుడు ‘మందుల కొరత లేదు’ అన్న జవాబు సరిపోదు. కౌంటర్‌లో ఇంటు గుర్తు పడిన మందుల జాబితా ఆస్పత్రులవారీగా నెలనెలా సభ ముందుకు రావాలి. బీపీ మాత్ర పదిహేను రోజులు దొరక్కపోతే పక్షవాతంతో మంచానపడే మనుషులు ఈ నగరంలో ఉన్నారు.

పోస్టుల విషయంలో మంజూరుకూ వాస్తవానికీ మధ్య దూరం ఇంకా ఎక్కువ. రాష్ట్రం ఏర్పడేనాటికి 5 ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉండగా 2024 నాటికి 34 అయ్యాయి. జిల్లాకో కళాశాల రావడం సామాన్య విషయం కాదు. అయితే బోధనా సిబ్బంది చాలరంటూ జాతీయ వైద్య కమిషన్ 2025లో వీటిలో చాలా కళాశాలలకు నోటీసులు ఇచ్చింది. ప్రొఫెసర్ పోస్టు కాగితం మీద ఉండి, మనిషి డిప్యుటేషన్ మీద మరోచోట ఉంటే, జిల్లాలో జరగవలసిన ఆపరేషన్‌కు రోగి అంబులెన్సులో హైదరాబాద్ వస్తాడు. గాంధీ, ఉస్మానియా క్యాజువాలిటీల్లో ఒకే మంచం మీద ఇద్దరు కనిపించడానికి మూలం చాలాసార్లు ఇక్కడ లేదు, జిల్లాలో మత్తు డాక్టరు లేకపోవడంలో ఉంది. ఈ సంబంధం సభలో చర్చకు రావాలంటే ఎన్ని పోస్టులు నింపారని అడిగి ఊరుకోకూడదు. ఫలానా జిల్లా ఆస్పత్రి నుంచి గత ఏడాది ఎంతమందిని రిఫర్ చేశారు, ఏ కారణం రాశారు అని అడగాలి.

సంఖ్య పెరగడం ఒక్కటే మేలుకు గుర్తు కాదని చెప్పడానికి కాన్పులను మించిన ఉదాహరణ లేదు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. అదే సర్వే ప్రకారం 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, అది దేశంలోనే అత్యధికం. ప్రైవేటులో 81.5 శాతం, ప్రభుత్వ ఆస్పత్రుల్లో 44.5 శాతం. మొదటి అంకె చెప్పి చప్పట్లు కొట్టించుకోవచ్చు. రెండో అంకెకు జవాబు చెప్పాలంటే పేట్లబుర్జు, సుల్తాన్‌బజార్ ప్రసూతి ఆస్పత్రుల్లో రాత్రి డ్యూటీకి ఎంతమంది మిడ్‌వైఫ్‌లు ఉన్నారో, నొప్పులు మొదలైన తల్లి పక్కన కూర్చునేవారు ఎవరో, ముహూర్తం చూసుకొని కోత కోరే కుటుంబాలకు నచ్చజెప్పేందుకు ఎవరికి తీరిక ఉందో చెప్పవలసి వస్తుంది. సిజేరియన్ కోత పడిన తల్లి నెలల తరబడి బిందె ఎత్తలేక పడే బాధ ఏ పట్టికలోనూ ఉండదు.

‘పరిశీలనలో ఉంది’ అన్న మాట ఖరీదు తెలియాలంటే అఫ్జల్‌గంజ్ వెళ్లాలి. 1908 మూసీ వరద తర్వాత, ఏడో నిజాం కాలంలో విన్సెంట్ ఎష్ రూపకల్పనతో లేచిన ఉస్మానియా భవనం శతాబ్దం పాటు ఈ నగరాన్ని మోసింది. వరదలో జనం ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న చింతచెట్టు ఆ ఆవరణలో ఇప్పటికీ ఉంది. అక్కడ కొత్త భవనాల మాట 2015లో ముందుకొచ్చింది. వారసత్వ కట్టడాన్ని కూల్చాలా వద్దా అన్నది హైకోర్టుకు వెళ్లింది. 2020 జూలైలో వార్డుల్లోకి మురుగునీరు చేరి, రోగులు మంచాల మీద కాళ్లు ముడుచుకొని కూర్చున్న దృశ్యాలు రాష్ట్రమంతా చూసింది. ఆ నెలలోనే పాత భవనాన్ని ఖాళీ చేయించారు. గోషామహల్‌లో కొత్త ఆస్పత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. ఆ మాటకూ తొలి ఇటుకకూ మధ్య దాదాపు పదేళ్లు. కట్టడాన్ని కాపాడుకోవాలన్నవారి ఆవేదన న్యాయమైనదే, కొత్త ఆస్పత్రి కావాలన్న డాక్టర్ల పట్టుదలా న్యాయమైనదే. కానీ ఆ పదేళ్లలో ‘ఏ తేదీకి నిర్ణయిస్తారు’ అన్న ప్రశ్నకు తేదీతో జవాబు రాలేదు.

‘పడక లేదు’ అనడం పాలనాపరమైన ఇబ్బందిగా కనిపించవచ్చు, చట్టం దృష్టిలో మాత్రం అది అంతకన్నా పెద్ద విషయం. రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన ఒక కూలీని కోల్‌కతాలో ప్రభుత్వ ఆస్పత్రులు పడకల్లేవని ఒకదాని తర్వాత ఒకటి తిప్పి పంపితే, సుప్రీంకోర్టు 1996లో దాన్ని రాజ్యాంగంలోని 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కుకు భంగమని తేల్చింది. డబ్బు లేదన్న కారణంతో రాజ్యం ఈ బాధ్యత నుంచి తప్పుకోలేదని కూడా చెప్పింది. ఎమర్జెన్సీ నుంచి వెనక్కి పంపిన ప్రతి రోగి లెక్కా సభకు రావలసినది ఈ కారణంగానే.

తప్పు మంత్రులదొక్కటే కాదు, అడిగేవారి తీరులోనూ లోపం ఉంది. ‘ఫలానా ఆస్పత్రిలో వసతులు లేవన్నది వాస్తవమేనా’ అని అడిగితే ‘లేదండి’ అన్న ఒక్క మాటతో తలుపు మూసుకుంటుంది, వెనకున్న భాగాలన్నీ ఉత్పన్నం కాకుండా పోతాయి. అనుబంధ ప్రశ్న వేసే అవకాశం వస్తే సభ్యుడు దాన్ని ఉపన్యాసంగా మారుస్తాడు, మంత్రి ఉపన్యాసంతోనే బదులిస్తారు, గంట ముగుస్తుంది. సభ్యుడు ఒక్క పూట తన నియోజకవర్గ ఆస్పత్రి ఓపీ వరుసలో నిలబడి, గడియారం చూసుకొని వస్తే అడగవలసిన ప్రశ్న దానంతటదే వస్తుంది.

ఇచ్చిన మాట ఏమైందని వెంటపడేవారు లేకపోవడం మరో లోపం. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సల శిబిరం తర్వాత నలుగురు మహిళలు చనిపోయారు. విచారణ జరిగింది, చర్యలు తీసుకున్నారు. ఆ నలుగురి పిల్లలు ఇంకా బడి వయసువారే అయి ఉంటారు. పరికరాల స్టెరిలైజేషన్‌ను నేడు ఏ ఆస్పత్రిలో ఎవరు, ఎన్ని రోజులకోసారి తనిఖీ చేస్తున్నారు అన్న ప్రశ్న ఆ ఏడాదితో ముగిసిపోకూడదు. సభలో ఇచ్చిన హామీలను వెంబడించడానికి శాసనసభకు ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. ఆరోగ్య శాఖ హామీలను అది ఏడాదికోసారి తేదీలతో సహా బయటపెట్టగలిగితే, రోగుల కుటుంబాలకు చేతిలో ఒక ఆధారం ఉంటుంది.

నిధుల విషయంలో మంత్రికి నిజమైన ఇబ్బంది ఉంది, దాన్ని దాటవేయకూడదు. రాష్ట్రాలు తమ బడ్జెట్లో 8 శాతానికి పైగా ఆరోగ్యానికి ఖర్చు చేయాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. అంత కేటాయింపు ఆర్థిక శాఖ నుంచి తెచ్చుకోవడం ఒక్క మంత్రి చేతిలో లేదు. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. కానీ బకాయిలు పేరుకుపోయి నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపుతామన్న రోజుల్లో కార్డు పట్టుకొని నిలబడే రోగికి ఆ 10 లక్షలు అక్కరకు రావు. ఇందులోనూ అడగవలసింది కాలం గురించే. బిల్లు పెట్టిన ఎన్నో రోజున డబ్బు చెల్లిస్తున్నారు?

గోషామహల్‌లో 2 వేల పడకల ఆస్పత్రి కడుతున్నారు. వచ్చే సమావేశాల్లో దాని గురించి ప్రశ్న తప్పకుండా వస్తుంది, ఎన్ని అంతస్తులు పూర్తయ్యాయో జవాబూ వస్తుంది. దానితో పాటు ఇవి కూడా అడగాలి. గేటు తెరిచే రోజుకు ఎంతమంది స్టాఫ్ నర్సులు, మత్తు డాక్టర్లు, రేడియాలజీ టెక్నీషియన్లు కావాలి? వారి పోస్టుల ఫైలు ఈ రోజు ఏ బల్ల మీద ఉంది? నర్సు నియామకానికి నోటిఫికేషన్ నుంచి పోస్టింగ్ దాకా పట్టే కాలాన్ని వెనక్కి లెక్కేస్తే ఆ ఫైలు ఎప్పటికి కదలాలి? అఫ్జల్‌గంజ్ నుంచి యంత్రాలు, రికార్డులు తరలించే వారాల్లో డయాలసిస్ రోగులను ఎక్కడికి వెళ్లమంటారు? గోడలు లేస్తున్నప్పుడే వీటికి తేదీలతో జవాబు రావాలి. మా పెద్దమ్మ లాంటివారు ప్లాస్టిక్ కవరుతో ఆ కొత్త గేటు ముందు నిలబడేది తలుపులు తెరిచిన మొదటి ఉదయమే.