లోకల్ సర్టిఫికెట్ ఇక దోమే ఇస్తుంది

హైదరాబాద్‌లో ఎవరు లోకల్, ఎవరు నాన్‌లోకల్ అన్న తగువుకి నా దగ్గర ఒక పరిష్కారం ఉంది. స్టడీ సర్టిఫికెట్ల కట్ట పట్టుకుని మీసేవ చుట్టూ తిరగక్కర్లేదు. చిన్న సీసాడు రక్తం ఇస్తే చాలు. అందులో డెంగీ ఐజీజీ యాంటీబాడీ, అంటే ఒకప్పుడు డెంగీ సోకిందని ఒళ్లు దాచుకున్న గుర్తు, కనిపిస్తే మనవాడే. కనిపించలేదా, నిన్న బస్సు దిగినవాడు, లేదా దోమలు కూడా పట్టించుకోని అభాగ్యుడు.

నవ్వకండి, పద్ధతి శాస్త్రీయమే. జ్వరం మొదలైన తొలి రోజుల్లో ఎన్‌ఎస్1 అనే వైరస్ ప్రొటీన్ రక్తంలో దొరుకుతుంది, తర్వాత మాయమవుతుంది. ముందుగా పుట్టే యాంటీబాడీ ఐజీఎం కొన్ని నెలలుంటుంది. ఐజీజీ మాత్రం ఎంత పోరినా ఇల్లు ఖాళీ చెయ్యని పాత కిరాయిదారులా ఏళ్ల తరబడి తిష్ట వేస్తుంది. పైగా డెంగీ సోకినవాళ్లలో ఎక్కువమందికి అది సోకిన సంగతే తెలియదు. ఆసుపత్రి లెక్కల్లో వాళ్లు లేరు, రక్తంలో ఉన్నారు.

2017-18లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఈ రక్తం లెక్కే తీసింది. 15 రాష్ట్రాల్లో 5 నుంచి 45 ఏళ్ల మధ్యవాళ్లు, సుమారు 12,300 మంది. దేశం మొత్తమ్మీద 48.7 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు డెంగీ సోకిందని తేలింది. దక్షిణాదికి 76.9. డిస్టింక్షన్ అండీ! పాపం, ఈశాన్యం 5 దగ్గరే ఫెయిలైంది. దేశంలో 5-8 ఏళ్ల పిల్లల్లోనే 28.3 శాతం పాసయ్యారు, ఏ కోచింగూ లేకుండా.

నకిలీ సర్టిఫికెట్ల బెడద ఇక్కడా తప్పదు. మెదడువాపు తెచ్చే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్ డెంగీకి దాయాది. దాని యాంటీబాడీలు ఒక్కోసారి డెంగీ పేరు చెప్పి టెస్టులో దూరిపోతాయి. దొంగను పట్టాలంటే ఆ యాంటీబాడీ ఏ వైరస్‌ని అడ్డుకుంటుందో చూసే న్యూట్రలైజేషన్ పరీక్ష చెయ్యాలి, దానికి డబ్బూ టైమూ రెండూ కావాలి. ఇంకో లొసుగు, కుట్టిన దోమది అమీర్‌పేటో అమలాపురమో ఐజీజీ చెప్పదు. పోనీలెండి, తహసీల్దారు సంతకం మాత్రం అన్నీ చెబుతుందా?

ఒక్కటి మాత్రం సీరియస్‌గానే చెబుతున్నా, రెన్యూవల్‌కి ఎగబడకండి. డెంగీలో నాలుగు రకాలు. ఒకటి వచ్చి తగ్గాక మరో రకం సోకితే జబ్బు ముదిరే ప్రమాదం ఎక్కువ.

రొనాల్డ్ రాస్ 1897లో దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నది మన బేగంపేటలోనే. ఆయన చూసింది అనాఫిలిస్ జాతి దోమ, మనకు డెంగీ ఇచ్చేది ఏడిస్ జాతి దోమ. రెండో దానికి శుచి ఎక్కువ, ఎక్కువగా నిలవున్న మంచినీళ్లలోనే కాపురం పెడుతుంది.

నిన్న మా వీధిలోకి పొగ బండి వచ్చింది. అందరం తలుపులు బిగించుకున్నాం, మాతోపాటు మా దోమలూ లోపలే. పొగ తగ్గాక మా ఆవిడ కిటికీ గూట్లోని మనీప్లాంట్ సీసాని వెలుతురులో పెట్టి చూసింది. నీళ్లలో సన్నటి పురుగులు మెలికలు తిరుగుతూ మీదకీ కిందకీ ఈదుతున్నాయి.

"ఇవేంటండీ, చేపపిల్లలా?"

"కాదు, లోకల్ వాళ్లే" అన్నాను.