కాలి సాక్ష్యం చెల్లదు

మొన్న పొద్దున్నే అమ్మ ఫోన్ చేసి "ఏరా, రాత్రి నిద్ర బాగా పట్టిందా?" అంది. "ఉండమ్మా, వాచీ చూసి చెప్తాను" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. "నీ నిద్ర నువ్వు చూసుకోవడమేంట్రా?" పాతకాలం మనిషి, ఆవిడ తప్పేం లేదు. నిద్రపోయినవాడినే నిద్ర గురించి అడగడం, పరిగెత్తినవాడినే అలసట గురించి అడగడం, ఈ మూఢాచారం మన ఇళ్లలో ఎన్ని తరాలుగా నడిచిందో తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

నేను పరుగు మొదలుపెట్టి పదకొండు వారాలైంది. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో 10కె, అంటే పది కిలోమీటర్లు, పరిగెత్తాలని సంకల్పం. కొత్తవాడికి పరుగు కంటే విశ్రాంతి ముఖ్యమని ప్రతివాడూ చెప్పాడు గానీ ఎంత విశ్రాంతో ఒక్కడూ చెప్పలేదు, అందుకని స్మార్ట్‌వాచీ కొన్నాను. అది గంటల లెక్కన చెబుతుంది. మొదటిరోజు కేబీఆర్ పార్కు దగ్గర రెండు కిలోమీటర్లు ఈడ్చుకుని వస్తే, కోలుకోవడానికి 61 గంటలంది. 60 కాదు, 62 కాదు. ఇంత కచ్చితంగా మా ఇంట్లో పంచాంగం తప్ప ఎవరూ మాట్లాడరు.

పనితనం చూడండి. వాచీ అడుగున పచ్చదీపాలు చర్మంలోకి వెలుగు పంపిస్తాయి, రక్తం ఆ వెలుగుని ఎంత పీల్చుకుందో చూసి నాడి లెక్కేస్తుంది. గుండె కొట్టుకునే దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం ఎన్ని మిల్లీసెకన్లు మారుతోందో కూడా చూస్తుంది, దాన్నే హెచ్‌ఆర్‌వీ అంటారు. మందు కొట్టినా, జ్వరం తగిలినా, నిద్ర చెడినా అది మామూలు కంటే పడిపోతుంది. తోడల్లుడి కూతురి పెళ్లిలో రాత్రి పదకొండున్నరకి బిర్యానీ తిని పడుకుంటే తెల్లారి ఒళ్లు ఎంత కోలుకుందో చెప్పే నా స్కోరు వందకి 23. కడుపు కూడా అదే చెప్పింది అనుకోండి, కానీ కడుపు మాటకి గ్రాఫ్ లేదు కదా.

నాస్తికులు ఎక్కడైనా ఉంటారు. మా పార్కులో ఒక పెద్దాయన ఉన్నాడు. వాచీ వదులుగా ఉంటే ఒక్కోసారి గుండెని వదిలేసి అడుగుల్ని లెక్కపెడుతుందట, నిమిషానికి 170 అడుగులు పడుతుంటే గుండె 170 కొట్టుకుంటోందని రాసేస్తుందట. 220లోంచి వయసు తీసేసి కట్టే గరిష్ఠ గుండె వేగం ఉత్త సగటే, మనిషిని బట్టి పది పన్నెండు అటూ ఇటూ అవడం మామూలేనట. నాకు 43, లెక్క ప్రకారం 177 దాటకూడదు. ఒకరోజు 184 చూపించింది. తప్పు గుండెదేనని నా అభిప్రాయం. పరిగెత్తుతూ పూర్తి వాక్యం మాట్లాడగలిగితే మొదట్లో ఆ వేగం చాలు అంటాడాయన. ఛార్జింగ్ పెట్టడానికి వీల్లేని సలహాలు నేను తీసుకోను. అసలు రోజుకి 10,000 అడుగులన్న మాటే 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మీటరు అమ్మడానికి పుట్టిందనీ, దాని పేరు మాన్‌పోకే అంటేనే పదివేల అడుగుల మీటరనీ ఇంకో బాంబు వేశాడు. అయితే ఏమైంది? మన ఆరోగ్యం మీద అమ్మేవాడికున్న శ్రద్ధ కొనేవాడికి ఉందా?

గత నెల ఎడమకాలికి, మోకాలి కింద ముందువైపు ఎముక దగ్గర సలుపు మొదలైంది. పొద్దున్నే వాచీ చూస్తే 91, 'సిద్ధం'. ఇటు 91, అటు సలుపు. సలుపుకి అంకె లేదు, పైగా అది ఎడమకాలు. ఏడు కిలోమీటర్లు పరిగెత్తాను. మర్నాడు రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ పీతలా పక్కకి దిగుతుంటే వాచ్‌మన్ "ఏమైంది సార్" అంటూ చెయ్యి పట్టుకున్నాడు. ఫిజియో దగ్గరికి వెళ్తే ఆయన యంత్రమేదీ పెట్టకుండా ఎముక మీద బొటనవేలితో నొక్కాడు. అంత అనాగరికమైన పరీక్ష నేనెప్పుడూ చూడలేదు. కేక పెట్టాను. గుండే ఊపిరితిత్తులూ వారాల్లో పరుగుకి అలవాటు పడిపోతాయి, ఎముకలకీ స్నాయువులకీ నెలలు పడుతుంది, ఎముక నొప్పి చూసే దీపం మీ వాచీలో లేదు అన్నాడు. నేను యాప్ తెరిచి 91 చూపించాను. దాన్ని కూడా నొక్కి చూస్తాడేమోనని భయమేసింది. మూడు వారాలు పరుగు బంద్ అన్నాడు.

ఐదో రోజుకే వాచీ 'మీ ఫిట్‌నెస్ తగ్గుతోంది' అని చెప్పడం మొదలుపెట్టింది. కాలు నొప్పి ఓర్చుకోవచ్చు, ఇది ఓర్చుకోలేం. దాని ముందు తలెత్తుకోలేక, తీసి పద్నాలుగేళ్ల మావాడి చేతికి కట్టాను. సాయంత్రం క్రికెట్టూ, పక్కవీధి ట్యూషన్‌కి సైకిలూ, వారం తిరిగేసరికి నా అంకెలు మళ్లీ కళకళలాడాయి. వాట్సాప్ గ్రూపులో పెడితే "అన్నా, నీ రికవరీ అదిరింది" అని పదిమంది దండాలు పెట్టారు.

నిన్న రాత్రి తొమ్మిదిన్నరకి మావాడు లెక్కల పుస్తకం మీద తూలుతూ "నాన్నా, నిద్రొస్తోంది" అన్నాడు. ఫోన్ తీసి చూశాను.

"అబద్ధాలాడకు. నీకింకా 82 ఉంది."