భూటియా గొప్పవాడే, కానీ బెరీ అనామక క్లబ్బేమీ కాదు

ఫుట్‌బాల్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ మెసేజ్ తెగ తిరుగుతోంది. నాకే మూడుసార్లు వచ్చింది. అందులో ఉన్నది ఇంతే: "ఇంగ్లండ్‌లో బరీ అని ఒక అనామక క్లబ్బు ఉండేది. వందేళ్ళకు పైగా ఆడినా ఒక్క కప్పు గెలవలేదు, చెప్పుకోదగ్గ ఆటగాణ్ణి ఒక్కణ్ణీ ఇవ్వలేదు. యూరప్‌లో ఆడిన తొలి భారతీయుడు బైచుంగ్ భూటియా అడుగుపెట్టాకే దాని పేరు లోకానికి తెలిసింది. అతన్ని కూడా ఆసియాలో షర్టులు అమ్ముకోవడానికే తెచ్చుకున్నారు. 2019లో ఆ క్లబ్బు చచ్చిపోయింది." కింద జాతీయ జెండా, దండాలు పెట్టే బొమ్మలు.

భూటియా అంటే నాకూ ఇష్టమే. అయితే మనవాడి గీత పెద్దది చేయడానికి పక్క గీత చెరిపేయడం ఏం పద్ధతి? అందుకే ఒక్కో మాటా తీసి చూద్దామనిపించింది.

ముందు పేరు. రాసేటప్పుడు ఎలా ఉన్నా, పలికేటప్పుడు అది 'బెరీ'. మాంచెస్టర్‌కు ఉత్తరాన ఉన్న పాత నూలు మిల్లుల ఊరు. క్లబ్బు 1885లో పుట్టింది, మైదానం పేరు గిగ్ లేన్.

ఇక కప్పు సంగతి. ఇంగ్లండ్ క్లబ్బుల మధ్య జరిగే నాకౌట్ టోర్నీ ఎఫ్ఏ కప్‌ను బెరీ ఒకసారి కాదు, రెండుసార్లు గెలిచింది. 1900 ఫైనల్లో సౌతాంప్టన్ మీద 4-0, 1903 ఫైనల్లో డెర్బీ కౌంటీ మీద 6-0. ఆ రెండోసారి టోర్నీ మొత్తంలో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఫైనల్లో అంత తేడాతో గెలిచినవాళ్ళు ఆ తర్వాత 116 ఏళ్ళ దాకా లేరు. 2019 మేలో మాంచెస్టర్ సిటీ వాట్‌ఫర్డ్‌ను అదే 6-0తో ఓడించి రికార్డును సమం చేసింది, దాటలేదు. 1925-26లో బెరీ దేశంలోని అత్యున్నత లీగ్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఇవన్నీ ముత్తాతల కాలం నాటివి అనండి, ఒప్పుకుంటాను. "ఒక్కటీ గెలవలేదు" అంటే మాత్రం అబద్ధం.

"ఆటగాణ్ణి ఇవ్వలేదు" అన్న మాట దగ్గర నాకు నిజంగానే నవ్వొచ్చింది. ఎందుకంటే ఇలాంటి చిన్న క్లబ్బులు బతికేదే ఆటగాళ్ళను తయారుచేసి అమ్ముకుని.

నెవిల్ సౌథాల్‌నే తీసుకోండి. వేల్స్ కుర్రాడు. చెత్తబండి మీద పనిచేశాడు, కట్టుబడి పనుల్లో ఇటుకలు మోశాడు, ఆట మాత్రం వదల్లేదు. విన్స్‌ఫర్డ్ యునైటెడ్ అనే చిన్న జట్టుకు గోల్‌కీపర్‌గా ఉండగా 1980లో బెరీ 6,000 పౌండ్లిచ్చి తెచ్చుకుంది. ఒక్క సీజన్ ఆడాడో లేదో, ఎవర్టన్ 1,50,000 పౌండ్లు పోసి పట్టుకుపోయింది. ఆ తర్వాతి కథ తెలిసిందే: రెండు లీగ్ టైటిళ్ళు, రెండు ఎఫ్ఏ కప్పులు, 1985లో ఫుట్‌బాల్ రచయితల 'ఉత్తమ ఆటగాడు' అవార్డు, వేల్స్ తరఫున 92 మ్యాచ్‌లు.

కోలిన్ బెల్ కథ ఇంకా బాగుంటుంది. 1963 నుంచి 1966 దాకా బెరీ మిడ్‌ఫీల్డర్. ఊపిరి సలపకుండా పరిగెత్తేవాడు. పెద్ద క్లబ్బుల కళ్ళన్నీ అతని మీదే. మాంచెస్టర్ సిటీకీ కావాలి, కానీ చేతిలో డబ్బు లేదు. అప్పట్లో సిటీ పేద క్లబ్బేనంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. ఆ జట్టు సహాయ మేనేజర్ మాల్కమ్ అలిసన్ ఏం చేశాడంటే, గిగ్ లేన్‌లో మిగతా క్లబ్బుల స్కౌట్ల (ఆటగాళ్ళను వెతికేవాళ్ళ) మధ్యన కూర్చుని, వాళ్ళకు వినిపించేలా బెల్‌ను తిట్టడం మొదలుపెట్టాడు. వీడికి హెడ్డింగ్ రాదు, పాస్ ఇవ్వడం రాదు, ఎడమకాలు దండగ. సంతలో మంచి ఎద్దును చూసి "పళ్ళు బాగాలేవు" అని పెదవి విరిచే బేరగాడిలాగే. స్కౌట్లు తటపటాయించేలోపు సిటీ డబ్బు కూడగట్టుకుంది. 1966లో 50,000 పౌండ్లకు కాస్త తక్కువకే బేరం తెగింది. రెండేళ్ళలో సిటీ లీగ్ ఛాంపియన్. బెల్ ఇంగ్లండ్‌కు 48 మ్యాచ్‌లు ఆడాడు. ఇవాళ సిటీ ఆడే ఎతిహాద్ స్టేడియంలో ఒక స్టాండుకు అతని పేరే ఉంది.

టెర్రీ మెక్‌డెర్మట్ మొదలుపెట్టింది కూడా ఇక్కడే. న్యూకాజిల్ మీదుగా లివర్‌పూల్ చేరి మూడు యూరోపియన్ కప్పులు అందుకున్నాడు. ఆర్సెనల్ రైట్‌బ్యాక్ లీ డిక్సన్ ఒక సీజన్ ఇక్కడ ఆడాడు. ఇక్కడ ఎదిగిన డేవిడ్ నజెంట్‌ది ఇంకో వింత. 2007లో అండోరా మీద, సహచరుడు డెఫో కొట్టిన బంతి ఎలాగూ గోల్లోకి పోతుంటే చివరి క్షణంలో కాలు పెట్టి తన ఖాతాలో వేసుకున్నాడు. ఇంగ్లండ్‌కు అతను ఆడింది ఆ ఒక్క మ్యాచే, కొట్టింది ఆ ఒక్క గోలే!

పెద్ద క్లబ్బులకు పోయినవాళ్ళ లెక్క ఇది. గిగ్ లేన్ అభిమానులను అడిగితే ముందు చెప్పే పేర్లలో క్రెయిగ్ మాడెన్ ఒకటి. 1981-82లో నాలుగో డివిజన్‌లో 35 లీగ్ గోల్స్. మనలో ఎంతమందికి తెలుసు ఆ పేరు? నాకూ చాలా ఆలస్యంగానే తెలిసింది.

"యూరప్‌లో ఆడిన తొలి భారతీయుడు." ఈ మాట పేపర్లలో కూడా కనిపిస్తుంటుంది. 1936లోనే కలకత్తా మొహమెడన్ స్పోర్టింగ్ ఆటగాడు మహమ్మద్ సలీం స్కాట్లండ్ వెళ్ళి సెల్టిక్ జట్టుకు ఆడాడు. అసలు లీగ్‌లో కాదు, కింది స్థాయి అలయన్స్ లీగ్‌లో, రెండు మ్యాచ్‌లు. బూట్లు లేకుండా. అతను కూర్చుని ఉంటే, అంతటి పాత ఆటగాడు జిమ్మీ మెక్‌మెనెమీ వంగి అతని పాదాలకు కట్టు కడుతున్న ఫొటో ఒకటుంది. ఆ ఒక్క ఫొటో చాలు ఈ పోస్టుకు జవాబు చెప్పడానికి. భారత్‌లో పుట్టినవాళ్ళను లెక్కలోకి తీసుకుంటే, బెంగళూరులో పుట్టిన పాల్ విల్సన్ 1975 స్కాటిష్ కప్ ఫైనల్లో సెల్టిక్‌కు రెండు గోల్స్ కొట్టాడు. మనం రైళ్ళు మారే భుసావల్‌లో పుట్టిన రికీ హెపొలెట్ ఇంగ్లిష్ క్లబ్బులు ప్రెస్టన్‌కూ ఓరియంట్‌కూ ఆడాడు. ఇప్పుడు భూటియా ఘనత సరిగ్గా చెప్పాలంటే, భారత జట్టు ఆటగాడిగా ఉంటూ ఇంగ్లిష్ లీగ్ క్లబ్బుతో ప్రొఫెషనల్ కాంట్రాక్టు కుదుర్చుకున్నాడు. అది తక్కువేం కాదు. దానికి "యూరప్‌లో తొలి" అనే తోక అక్కర్లేదు.

షర్టుల ఆరోపణ. ఆసియా మార్కెట్ ఆలోచన ఎవరికైనా వచ్చి ఉంటే ఉండొచ్చు, వ్యాపారమన్నాక వస్తుంది. కానీ షర్టులు అమ్ముకోవడానికి ఫొటో దింపితే చాలు, మైదానంలోకి దించక్కర్లేదు. భూటియా 1999 అక్టోబరు 3న కార్డిఫ్ సిటీ మీద బరిలోకి దిగాడు. 2000 ఏప్రిల్ 15న చెస్టర్‌ఫీల్డ్ మీద వాలీతో, అంటే బంతి నేలను తాకకముందే కొట్టి, తొలి లీగ్ గోల్. మొత్తం 37 లీగ్ మ్యాచ్‌లు, 3 గోల్స్. గోల్స్ కొట్టాల్సిన ఫార్వర్డ్ ఆటగాడికి ఈ అంకె బాగాలేదు, దాన్ని దాచను. మోకాలి గాయం చివరి సీజన్‌ను దాదాపు మింగేసింది. 1997లో కలకత్తా సాల్ట్‌లేక్ స్టేడియంలో లక్ష మందికి పైగా జనం ముందు మోహన్ బగాన్ మీద హ్యాట్రిక్ కొట్టిన కుర్రాడు, పన్నెండు వేల మంది కూడా పట్టని మైదానంలో, మూడో అంచె లీగ్‌లో, చలిలో చోటు కోసం పోటీపడ్డాడు. బెరీ చరిత్రలో అతనిది మధ్యస్థమైన అధ్యాయం. మన చరిత్రలో పెద్దది. రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

చివరిగా చావు కబురు. 2019 ఆగస్టు 27న అప్పుల గొడవలో బెరీని లీగ్ నుంచి గెంటేశారు. అంతకు ఎనిమిది నెలల ముందు ఆ క్లబ్బు ఒక్క పౌండుకు చేతులు మారింది. సౌథాల్‌కు 6,000 పెట్టిన క్లబ్బు! గడువు ముగిసే ఆఖరి రోజున, కొత్త యజమాని వస్తాడన్న ఆశతో అభిమానులు చీపుర్లు పట్టుకుని స్టేడియం ఊడవడానికి వచ్చారు. ఆ రోజుల్లోనే ఒక మాజీ మహిళా డైరెక్టర్ గిగ్ లేన్ గోడకున్న నీటి గొట్టానికి తనను తాను బేడీలతో కట్టేసుకుంది. ఆమె తండ్రి లెస్ హార్ట్. ఆటగాడిగా, ట్రైనర్‌గా, మేనేజర్‌గా నలభై ఏళ్ళకు పైగా ఆ క్లబ్బుకే పనిచేసిన మనిషి. వేరే క్లబ్బుకు అమ్ముడుపోని ఇలాంటివాళ్ళ పేర్లు ఏ ఫార్వర్డ్‌లోనూ రావు.

ఆ ఊడ్చినవాళ్ళు ఊరుకోలేదు. ఒక వర్గం కొత్త జట్టు పెట్టుకుంది, ఇంకో వర్గం 2022లో గిగ్ లేన్‌ను చేజిక్కించుకుంది, 2023లో ఈ రెండు వర్గాలూ కలిసి మళ్ళీ బెరీ ఎఫ్‌సీ పేరుతోనే దిగారు. 2025లో నార్త్ వెస్ట్ కౌంటీస్ లీగ్ గెలిచి ఒక మెట్టు పైకెక్కారు. కాబట్టి ఆ పోస్టును మళ్ళీ పంపాలనుకునేవాళ్ళు కనీసం మొదటి వాక్యంలో "ఉండేది" అన్నచోట "ఉంది" అని దిద్దండి.