సవరణ: ఓడలో ఒంటరి చలికాలం, టికెట్ లెక్క

చలికాలమంతా క్రూయిజ్ ఓడల్లోనే గడిపొచ్చిన మన బరంపురం రిటైర్డ్ టీచరమ్మ గురించి మొన్న రాశాను. అందులో "తలకి ఇంత" అన్న ధర ఇద్దరుండే గదిది. ఒక్కరే ఉంటే ఖాళీ మంచానికీ కట్టాలి. చాలా ఓడల్లో దాదాపు రెట్టింపు పడుతుంది. టిప్పులు రోజుకింత అని విడిగా బిల్లులో చేరతాయి. ఒంటరివాళ్ల కోసం స్టూడియో గదులు 2010లో నార్వేజియన్ ఎపిక్ అనే ఓడలో వచ్చాయి. సుమారు 100 చదరపు అడుగులు, కిటికీ ఉన్నా నడవ వైపే. సముద్రం చూడాలంటే డెక్ మీదికెళ్లాల్సిందే!

"కరీబియన్‌కి వీసా టెన్షన్ లేదు" అని అందులోనే రాసిన మాట ఆవిడకి అప్పటికే మల్టిపుల్ ఎంట్రీ (ఎన్నిసార్లైనా వెళ్లిరాగల) అమెరికా వీసా ఉండబట్టి. అమెరికాలోని మయామీ రేవులో ఓడ ఎక్కేవాళ్లకి మన పాస్‌పోర్టు మీద ఆ వీసా తప్పనిసరి. వరసగా అదే ఓడలో రెండో ట్రిప్ ఉన్నా, మధ్యలో దిగి, ఇన్ ట్రాన్సిట్ కార్డు (మళ్లీ అదే ఓడ ఎక్కేవాళ్లకిచ్చేది) పట్టుకుని, ఇమిగ్రేషన్ దాటి మళ్లీ ఎక్కాలి. సామాను మాత్రం గదిలోనే ఉంచొచ్చు, గది మారకపోతే.

మన బరంపురం దగ్గరి గోపాలపురం రేవులో ఓడ ఎక్కొచ్చా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. అది సరుకుల రేవండీ. దగ్గర్లో అంటే విశాఖే, అదీ ఓడ వచ్చే సీజన్లోనే.