డ్రోన్‌ను పిలిపించుకునే రైతుకు శిక్షణ ఏదీ?

శ్రీకాకుళం జిల్లాలో వరి పొట్టకొచ్చే సమయానికి మందు కొట్టే మనిషి దొరకడం కష్టంగా ఉంది. వయసులో ఉన్నవాళ్లు విశాఖలోనో హైదరాబాద్‌లోనో చెన్నైలోనో పనుల్లో ఉంటారు. ఊళ్లో మిగిలేది ఎక్కువగా ఆడవాళ్లు, అరవై దాటిన పెద్దలు. నిండు ట్యాంకు వీపున వేసుకుని మోకాలి లోతు బురదలో ఎకరా తిరగడం ఆ వయసులో చిన్న పని కాదు. పైగా గాలి ఎదురైతే మందంతా ముఖం మీదే పడుతుంది. అందుకే ఊళ్లోకి డ్రోన్ వచ్చిందంటే గట్ల మీద జనం ఆశగా గుమిగూడతారు. ఆ ఆశ న్యాయమైనదే, అది నిలబడాలనే నేనూ కోరుకుంటున్నాను. శిక్షణ పేరుతో మనం ఎవరికి, ఏం నేర్పుతున్నామన్న దగ్గరే నాకు పేచీ.

ఎగరేసేవాళ్లకు శిక్షణ ఒక పద్ధతిలో పడింది. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనల కింద పైలట్‌కు 18 ఏళ్లు నిండాలి, పదో తరగతి పాసవ్వాలి, పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ గుర్తించిన సంస్థలో నేర్చుకుని సర్టిఫికెట్ తీసుకోవాలి. 2023 నవంబరులో కేంద్ర కేబినెట్ ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకంలో 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని, ధరలో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయల దాకా సాయం చేయాలని నిర్ణయించారు. సంఘంలో ఒకరికి 15 రోజుల శిక్షణ. అందులో 5 రోజులు ఎగరేయడం, మిగతా 10 రోజులు ఎరువులు, పురుగుమందుల పిచికారీ. మన ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కూడా గుంటూరు దగ్గర లాంలో డ్రోన్ పైలట్లను తయారు చేస్తోంది.

ఇవన్నీ మంచి పనులే. కానీ లెక్క ఒకసారి చూడండి. ఒక ఊళ్లో రెండు వందల మంది రైతులుంటే డ్రోన్ ఎగరేసేది ఒకరో ఇద్దరో. మిగతావాళ్లంతా ఎకరాకు ఇంత అని ఇచ్చి పిలిపించుకునేవాళ్లే. మన దగ్గర ఎకరా, రెండెకరాల కమతాలు, అవీ నాలుగు చోట్ల ముక్కలు. పది లక్షల రూపాయల యంత్రాన్ని ఆ రైతు కొనడు, కొనాల్సిన పనీ లేదు. అయితే ఏ మందు, ఎప్పుడు, అసలు అవసరమా అని తేల్చాల్సింది మాత్రం అతనే. అతనికి ఇప్పటిదాకా దక్కిన శిక్షణ గట్టు మీద నిలబడి చూసిన అరగంట ప్రదర్శన. డ్రోన్ లేచింది, మందు చల్లింది, ఫొటో తీశారు, వెళ్లిపోయారు.

దీనివల్ల నష్టమేమిటో సుడిదోమ దగ్గర బాగా తెలుస్తుంది. దోమపోటు మనకు కొత్త కాదు. స్వర్ణ రకం వరి వేసిన ప్రతి రైతుకూ దాని సంగతి తెలుసు. ఈ దోమ ఆకు మీద ఉండదు. దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన చేరి రసం పీలుస్తుంది. అందుకే నాట్లప్పుడే ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయమని శాస్త్రవేత్తలు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. గాలి ఆడితే దోమ తగ్గుతుంది, మందు కొట్టేటప్పుడు గొట్టం మొదళ్ల దాకా వెళుతుంది. డ్రోన్ పైనుంచి చల్లుతుంది. రెక్కల గాలి కొంత కిందికి తోస్తుంది కానీ, బాటలు లేకుండా కమ్ముకుపోయిన మడిలో ఎకరాకు పది లీటర్ల సన్నటి తుంపర మొదలు దాకా చేరుతుందని నమ్మడం కష్టం. పైరు పైన తడిసింది, డబ్బులు ఖర్చయ్యాయి, దోమ కింద క్షేమంగా ఉంది. వారం తర్వాత పొలంలో పైరు సుడులు సుడులుగా ఎండిపోయి కనపడగానే డ్రోన్ పనికిరాదన్న మాట ఊరంతా పాకుతుంది.

అదే అగ్గితెగులుకో ఆకుముడతకో అయితే డ్రోన్ బాగా పనికొస్తుంది, తడవాల్సింది ఆకే కాబట్టి. యంత్రం ఒకటే, పైలట్ ఒకరే. పురుగు ఎక్కడ దాక్కుంటుందో పిలిచిన రైతుకు తెలిస్తే డబ్బు నిలుస్తుంది, తెలియకపోతే పోతుంది. దోమ ఉందా లేదా చూడటానికి దుబ్బును వంచి, తట్టి, నీటి మీద రాలినవాటిని లెక్కపెట్టాలి. పిలకల దశలో దుబ్బుకు పది దాటితేనే మందు గురించి ఆలోచించాలి. ముందుగా నీళ్లు తీసి మడిని ఆరబెట్టాలి. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొడితే దోమ తగ్గకపోగా మళ్లీ విజృంభిస్తుంది, దాన్ని తినే సాలీళ్లూ మిత్రపురుగులూ చచ్చిపోతాయి కాబట్టి. డ్రోన్ శిక్షణలో మొదటి పాఠం ఇదే కావాలని నా వాదన.

ఇంకో చిక్కు కూడా ఉంది. డ్రోన్ పని సులువు చేసేసరికి మందు కొట్టడం కూడా సులువైపోతుంది. వీపున ట్యాంకు మోయాల్సి వచ్చినప్పుడు రైతు కాస్త ఆలోచించేవాడు. ఇప్పుడు పది నిమిషాల్లో ఎకరా అయిపోతుంటే, "పక్కోడు కొట్టించీసినాడు, మనం ఊరుకుంటే పురుగంతా మన మడిలోకి వచ్చేత్తాది" అన్న టెన్షన్‌తోనే ఇంకో రౌండు పడుతుంది. మందుల వాడకం తగ్గించడానికి తెచ్చిన యంత్రం దాన్ని పెంచకుండా చూడాలంటే, కొట్టనవసరం లేదని చెప్పగల చదువు రైతు చేతిలో ఉండాలి. ఎకరాల లెక్కన సంపాదించే పైలట్ ఆ మాట చెప్పాలని ఆశించడం అన్యాయం.

మందు చిక్కదనం గురించి కూడా మన రైతులకు చెప్పేవాళ్లు తక్కువ. మామూలు స్ప్రేయరుతో ఎకరాకు 200 లీటర్ల నీళ్లు పడితే డ్రోన్‌తో దాదాపు 10 లీటర్లే. ఎకరాకు మందు మోతాదు మారదు, నీళ్లే తగ్గుతాయి. అంటే ప్రతి చుక్కలోనూ మందు ఇరవై రెట్లు చిక్కన. అలాంటి చుక్క గాలికి పక్క మడిలోకి పోతే జరిగే హాని కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. వరిలో వెడల్పాకు కలుపు కోసం 2,4-డి కొట్టిస్తే, ఆ తుంపర పక్కన ఉన్న పత్తి మీదో కూరపాదుల మీదో పడితే ఆకులు మెలికలు తిరిగిపోతాయి. తీరం వెంబడి కొన్ని చోట్ల వరి మడికీ రొయ్యల చెరువుకీ మధ్య ఒక గట్టే అడ్డం. పైరిత్రాయిడ్లు చాలా తక్కువ మోతాదులో కూడా రొయ్యను చంపుతాయి. మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రపు గాలి లేస్తుందని గార, సంతబొమ్మాళి, సోంపేట వైపు ప్రతి రైతుకూ తెలుసు. ఆ తెలివిని శిక్షణలోకి తీసుకోవాలి. పొద్దున్నే కొట్టించు, గాలి లేస్తే ఆపించు, పక్కవాళ్లకు ముందురోజే చెప్పు అని రైతుకు నేర్పాలి. ఆపమనే హక్కు తనకుందని అతనికి తెలియాలి.

నష్టం జరిగితే బాధ్యత ఎవరిది? అతి చిన్నవైన నానో తరగతి తప్ప మిగతా డ్రోన్లకు మూడో పక్షం బీమా తప్పనిసరి. కానీ ఏ రోజు, ఏ మడిలో, ఏ మందు, ఎంత మోతాదు, ఏ గాలిలో కొట్టారో కాగితం మీద లేకపోతే ఆ బీమాను అడగడం ఎలా? రైతు సేవా కేంద్రంలో ఒక పిచికారీ రిజిస్టరు పెట్టి, పని అయిన రోజే రైతూ పైలటూ సంతకం చేసే ఏర్పాటు ఉండాలి. దీనికి కొత్త యాప్ అక్కర్లేదు. ఒక నోటు పుస్తకం చాలు.

ఇక సెన్సర్ల సంగతి. ఇక్కడ నాకు ఆశా ఉంది, కోపమూ ఉంది. వంశధార ఆయకట్టు చివర ఉన్న రైతు పొలంలో నేల తేమ సెన్సర్ పెట్టి, ఫోన్‌లో "నీరు పెట్టండి" అని సందేశం పంపితే అతనేం చేస్తాడు? గొట్టా బ్యారేజీ నుంచి వచ్చే నీళ్లు శివారుకు చేరాలి కదా. వంతు వచ్చినప్పుడే తడి. కాలువ రైతు చేతిలో లేనప్పుడు ఆ అంకె అతనికి బెంగ తప్ప ఇంకేమీ ఇవ్వదు. అక్కడ సెన్సర్ పెట్టాల్సింది కాలువ మీద. మదుము (కాలువ తూము) దగ్గర ఎంత నీరు వదిలారు, చివరకు ఎంత వచ్చింది అన్నది కొలిచి రైతులకు కనపడేలా పెడితే, అప్పుడు ఆ అంకెతో నీటి సంఘం దగ్గర నిలదీయొచ్చు.

బోరు కింద సాగు చేసేవాళ్ల సంగతి వేరు. విజయనగరం జిల్లాలో వరి తర్వాత రబీ మొక్కజొన్న వేసే రైతుకు మోటారు తన చేతిలోనే ఉంటుంది. జల్లు, పీచు వచ్చే దశలో తడి తప్పితే గింజ పట్టదు, ఎక్కువైతే వేరు దెబ్బతింటుంది. అక్కడ సెన్సర్ అంకెకు నిజంగా విలువ ఉంది. అలాగే వరి మాగాణుల్లో కోతకు ముందు పెసర, మినుము చల్లే రైతుకు నేలలో మిగిలిన తేమే పెట్టుబడి. ఎప్పుడు చల్లాలో పెద్దవాళ్లు మట్టిని పిసికి చెప్పేవాళ్లు. ఆ చేతి అంచనాను సెన్సర్ అంకెతో పక్కపక్కన పెట్టి రెండు సీజన్లు చూస్తే, కుర్రాళ్లకు మట్టీ తెలుస్తుంది, అంకె కూడా తెలుస్తుంది. నేలకు నేలకు ఆ అంకె మారుతుందని, ఇసుక నేలలో సరిపోయేది నల్లరేగడిలో సరిపోదని కూడా అప్పుడే అర్థమవుతుంది. కంపెనీ ఇచ్చే కరపత్రంలో ఇది దొరకదు.

ఖరీదైన సెన్సరు కన్నా ముందు నేర్పాల్సింది ఒకటుంది. 30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ గొట్టానికి కింది సగం చిల్లులు పెట్టి, ఆ సగాన్ని వరి మడిలో దించడం. లోపల నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్లు కిందికి పోయినప్పుడు మళ్లీ నీరు పెట్టడం. పూతకు వచ్చే వేళ మాత్రం నీరు నిలబెట్టాలి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతికి బ్యాటరీ లేదు, సిగ్నల్ అక్కర్లేదు, పాడయ్యేదీ ఏమీ లేదు. గొట్టంలోకి చూసి నిర్ణయం తీసుకోవడం అలవాటైన రైతుకు సెన్సర్ చదవడం కష్టం కాదు. ఆ అలవాటు లేకుండా నేరుగా సెన్సర్ ఇస్తే, బ్యాటరీ అయిపోయిన రోజున అది అటక మీదకు చేరుతుంది.

డ్రోన్ ప్రదర్శనల్లో తరచుగా నానో యూరియా (ఆకుల మీద చల్లే ద్రవ యూరియా) కొట్టి చూపిస్తుంటారు. కొట్టిన మడి పచ్చగా కనపడుతుంది. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండేళ్లు ప్రయోగం చేసి, సిఫార్సు చేసిన నత్రజనిలో కొంత తగ్గించి ఆ స్థానంలో నానో యూరియా వాడితే వరి, గోధుమ దిగుబడి తగ్గిందని చెప్పింది. మన నేలల్లో ఏమవుతుందో మన రైతే తేల్చుకోవచ్చు. మడిలో ఒక పాయ కొట్టకుండా వదిలి, కోతప్పుడు రెండింటినీ విడివిడిగా తూకం వేస్తే చాలు. ఈ ఒక్క పద్ధతి నేర్పితే రైతు ఏ కంపెనీ మాటకైనా తన లెక్కతో జవాబు చెప్పగలడు. కానీ ఏ శిక్షణలోనూ దీనికి చోటు దొరకడం లేదు, అదే నా బాధ.

శిక్షణకు ఎవరిని పిలుస్తున్నారన్నది కూడా అడగాలి. పాసుపుస్తకం ఉన్న పేరునే పిలిస్తే, ఆ పేరుగల మనిషి చాలా ఇళ్లలో ఊళ్లోనే ఉండడు. సాగు చేసేది కౌలు రైతు, కలుపు తీసేదీ తెగులు ముందుగా చూసేదీ ఇంటి ఆడవాళ్లు. ఉభాల (నాట్ల) రోజుల్లో పొద్దున్న పదింటికి మండల కేంద్రంలో సభ పెడితే వాళ్లు ఎలా వస్తారు? శిక్షణ పొలంలోనే జరగాలి, నారుమడి నుంచి కోత దాకా వారానికో పూట జరగాలి. రైతులు పొలంలోనే కలిసి నేర్చుకునే పొలంబడి అనే నమూనా మన దగ్గర ఇప్పటికే ఉంది. అందులో డ్రోన్‌నూ సెన్సర్‌నూ చేర్చడానికి రాగోలు వ్యవసాయ పరిశోధనా కేంద్రం, నైర వ్యవసాయ కళాశాల, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. నైరలో చదివే విద్యార్థులు ఒక సీజనంతా ఒకే ఊరి రైతులతో కలిసి దుబ్బులు లెక్కపెడితే, వాళ్ల చదువుకూ అది మేలే. పైలట్ సర్టిఫికెట్ కోసం ఇచ్ఛాపురం కుర్రాడో అమ్మాయో ఐదు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి గుంటూరు దాకా వెళ్లాల్సిన అవసరం కూడా తప్పాలి. ఉత్తరాంధ్రకు ఒక గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రం ఇక్కడే కావాలి.

చిన్న కమతాలకు ఇంకో సర్దుబాటు అవసరం. అరెకరా మడి కోసం డ్రోన్‌ను, బ్యాటరీలను, జనరేటరును బండి మీద తెచ్చి దించితే పైలట్‌కు గిట్టదు. ఒకే మదుము కింద ఉన్న పాతిక ఎకరాల రైతులు ఒకే రకం విత్తనం, దగ్గర దగ్గర తేదీల్లో వేసుకుంటేనే ఒక పూటలో పని తెమిలిపోతుంది. ఎదలు వేసేవాళ్లూ (విత్తనం నేరుగా చల్లేవాళ్లు) నాట్లు వేసేవాళ్లూ కలిసి ఉన్న చోట పైరు వయసు కలవదు. కాబట్టి ఈ మాట జూన్‌లోనే అనుకోవాలి.

కొబ్బరి, జీడి తోటల ప్రాంతమైన మన జిల్లా ఉద్దానానికి మాత్రం డ్రోన్‌తో వేరే పని ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. ఎవరి తోటలో ఎన్ని చెట్లు పోయాయన్న లెక్క మీదే పరిహారం ఆధారపడింది. తుపానుకు ముందే తోటల చిత్రం తీసి పెట్టుకుంటే, తర్వాత తీసిన చిత్రంతో పోల్చి చెట్టుకు చెట్టు లెక్క చెప్పొచ్చు. దీనికి మందు ట్యాంకు డ్రోన్ అక్కర్లేదు, చిన్న కెమెరా డ్రోన్ చాలు. తోటల్లో తెల్లదోమ ఎక్కడ మొదలైందో కూడా అదే చూపిస్తుంది. పంచాయతీకి ఇద్దరు యువతీ యువకులకు ఈ పని నేర్పి, ఏటా సెప్టెంబరు లోపు చిత్రాలు తీయించి, ఒక ప్రతి పంచాయతీలో, ఒకటి ఉద్యానశాఖలో, ఒకటి రైతు దగ్గర ఉంచాలి. రైతు దగ్గర ఉండే ప్రతి ముఖ్యం. లెక్క తప్పిందనుకున్నప్పుడు అధికారి ముందు పరిచి చూపించడానికి అతని చేతిలో ఏదో ఒకటి ఉండాలి.