లాగ్ బాధితుల తరఫున ఒక మనవి

మన ప్రేక్షకుడికి ఘోరమైన అన్యాయం జరిగింది. తెర మీద ఓ ఆవిడా ఓ పెద్దాయనా 6 సెకన్లపాటు ఏమీ మాట్లాడకుండా టీ తాగారట! ఇంటర్వెల్లో సమోసా నములుతూ తీర్పు ఇచ్చేశాడు: "బాగుంది గానీ, లాగ్." అంటే సాగదీశారట.

నిజమే, లెక్క చూద్దాం. హీరో కారు దిగి నడవడానికి 5 సెకన్లు. స్లోమోషన్ కోసం సెకనుకు 96 ఫ్రేములు తీసి 24 చొప్పున ఆడిస్తే 20 సెకన్లు. అది లాగ్ కాదు, ఎలివేషన్. మామూలు మనిషి మామూలుగా గ్లాసు దించితేనే లాగ్.

కనుక ఆ టీ సీనును బాగుచేద్దాం. టీ పొంగుతుంటే డప్పులు. పెద్దాయన గ్లాసెత్తగానే వెనక బల్ల మీది నలుగురూ గాల్లోకి లేవాలి. ఆవిడ "చక్కెర తక్కువైంది" అనగానే కోరస్. డబ్బా మూత స్లోమోషన్లో తెరుచుకుని చీమ బయటికి రావాలి, దానికో ఇంట్రడక్షన్ షాట్. చీమ నాన్నని చంపిందెవరో రెండో భాగంలో.

2018లో 'కేరాఫ్ కంచరపాలెం' తీసిన వెంకటేష్ మహాకి ఈ కిటుకులు తెలియలేదు పాపం. విశాఖలోని ఆ పేట జనాన్నే నటింపజేసి, సింక్ సౌండ్‌లో, అంటే షూటింగ్ జరుగుతుండగానే మాటలూ చప్పుళ్లూ అక్కడే రికార్డు చేస్తూ తీశాడు. సింక్ సౌండంటే తమాషా కాదు. ఫ్యాను ఆపాలి, ఫ్రిజ్ ప్లగ్గు పీకాలి. చీర మైక్‌కి రాసుకుంటే టేకు పోయినట్టే. పక్కింటి కుక్కర్ కూత ఆగాలి, ఉల్లిపాయల బండి మైకు వీధి దాటాలి. చివర్లో యూనిట్ అంతా కదలకుండా నిలబడితే, అర నిమిషమో నిమిషమో ఆ గది నిశ్శబ్దాన్ని పట్టుకోవాలి. అది లేకుండా ఎడిటింగ్‌కి కూర్చుంటే, కత్తిరించిన చోటల్లా వెనక చప్పుడు తెగి, మాటమాటకీ గది మారినట్టుంటుంది.

అలా పట్టుకొచ్చిన 6 సెకన్లని మన ప్రేక్షకుడు ఫోన్లో 1.5 వేగం పెట్టి 4 చేస్తాడు. మిగిలిన 2 సెకన్లూ రీల్స్‌కి.

ఆ 6 సెకన్లలో ఏం జరిగిందో చూశావా అసలు? చక్కెర అడగడానికి మొహమాటపడి ఆవిడ గ్లాసు అంచు మీద వేలు రాస్తూ ఆగింది. అడక్కుండానే ఆయన డబ్బా ఇటు జరిపాడు. సినిమా అంతా అక్కడే ఉందయ్యా! నువ్వు సమోసా వంక చూస్తున్నావు. చిన్న సినిమాకి ఇచ్చేదే రోజుకో ఆట. బాగుందన్న మాట నలుగురికీ చేరేసరికి ఆ ఆటా ఎత్తేస్తారు. పైగా "మలయాళం వాళ్లలా మనవాళ్లు తీయరేంటండీ" అంటుంది మళ్లీ ఇదే నోరు. తీశారు. నువ్వే రాలేదు. అడగడానికి సిగ్గుండాలి!

సరే, క్షమించాలి. చీమ దగ్గర కదా ఆగాం. దాని డేట్లు దొరకడం లేదట.